‘పిన్నీ... వినిపిస్తోందా? ఓవర్!’

తెల్లవారుజామున నాలుగున్నరకి దిండు కింద నుంచి గొంతు వినిపిస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది. అందునా జెట్‌లాగ్‌తో అప్పుడే కన్ను మూతపడిన నాలాంటివాళ్లకి! గబుక్కున లేచి తడిమితే చేతికి నల్లటి వాకీటాకీ తగిలింది. మీద ఓ ఎర్ర దీపం, పక్కన జానెడు యాంటెన్నా. ‘పిన్నీ... వినిపిస్తోందా? ఓవర్!’ అంటోంది. రాత్రి నేను పడుకున్నాక అక్క చిన్నకొడుకు చల్లగా పెట్టిపోయాడన్నమాట.

‘ఏంట్రా?’ అన్నాను.

‘బటన్ నొక్కి పట్టుకుని మాట్లాడాలి పిన్నీ. ఇవాళ గేమ్ ఉంది. ఆరింటికి బయల్దేరాలి. వస్తానన్నావ్‌గా. ఓవర్.’

వాడు ఉండేది పై గదిలో, నేను కింది గదిలో. మధ్యలో పదహారు మెట్లు. దిగొచ్చి లేపొచ్చు కదా అంటే ‘టెస్టింగ్’ అన్నాడు.

2025 మే నెల మాట ఇది. సెలవు పెట్టి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో అక్కావాళ్లింటికి వెళ్లాను. చిన్నోడికి పదిహేనేళ్లు. వాడి చిన్నప్పుడు తెనాలిలో అమ్మ వాడికీ నాకూ కలిపి రెండు ఖాళీ అగ్గిపెట్టెలకి దారం కట్టి టెలిఫోన్ చేసిచ్చింది. ఒకడు వసారాలో, ఒకరు పెరట్లో. ఆ దారం సాగి సాగి ఇప్పుడు నా దిండు కిందికొచ్చిందని నవ్వుకున్నాను. ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు లెండి.

వాడు ఆడే ఆట పేరు ఎయిర్‌సాఫ్ట్. మనవైపు పెద్దగా తెలియదు. పెయింట్‌బాల్‌కి తమ్ముడి వరస అనుకోండి. తుపాకీ అచ్చంగా అసలుదానిలాగే ఉంటుంది. అందులోంచి వచ్చేది మాత్రం ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గోళీ, బరువు గ్రాములో ఐదో వంతు. జపాన్‌లో మొదలైందీ సరదా. అక్కడ మామూలు జనం అసలు తుపాకీ కొనుక్కోవడం దాదాపు కుదరని పని. అందుకని బొమ్మ తుపాకీలతో కోరిక తీర్చుకున్నారు. 1991లో టోక్యో మారుయి అనే కంపెనీ బ్యాటరీతో నడిచే తుపాకీ తెచ్చాక దేశాలు దాటింది.

పెయింట్‌బాల్‌లో తగిలితే చొక్కామీద రంగు కనిపిస్తుంది. ఇందులో మరక పడదు. తగిలిందని తగిలినవాడే ఒప్పుకోవాలి. ‘హిట్’ అని అరిచి, చెయ్యెత్తి, ఎర్రగుడ్డ నెత్తిన వేసుకుని పక్కకి నడవాలి. గల్లీ క్రికెట్‌లో తనంతట తాను ఔటయ్యానని ఒప్పుకున్న మహానుభావుణ్ని నేనింతవరకూ చూళ్లేదు. ఇక్కడ నా కళ్ల ముందే ముప్ఫై మంది ఒప్పుకున్నారు. ఇంకో నియమం కూడా ఉంది. ఔటైనవాడు నోరు మెదపకూడదు. పక్కవాడితోనే కాదు, రేడియోలోనూ మాట్లాడకూడదు. ‘చచ్చినవాడు మాట్లాడతాడా పిన్నీ?’ అన్నాడు చిన్నోడు. ఈ మాట అక్క వింటుండగా అనడం వాడి పొరపాటు. ఆ రోజు వాడికి టిఫిన్‌తోపాటు చివాట్లూ దక్కాయి.

అక్కకి ఈ ఆటంటేనే పడదు. ‘తుపాకీ ఇంట్లో పెట్టుకుని ఎవరైనా నిద్రపోతారా?’ అంటుంది. బొమ్మదే కదా అంటే ఊరుకోదు. ఊరుకోకపోవడానికి కారణముంది. 2014 నవంబరులో క్లీవ్‌లాండ్‌లో తామిర్ రైస్ అనే పన్నెండేళ్ల నల్లజాతి పిల్లాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఆడుకుంటుంటే పోలీసులు అసలుదనుకుని కాల్చేశారు. బొమ్మ తుపాకీ అని దూరం నుంచే తెలియడానికి గొట్టం చివర నారింజరంగు ముక్క ఉండాలని అమెరికా చట్టం. ఆ పిల్లాడి పిస్టల్‌కి అది ఊడిపోయి ఉంది. ఆ వార్త చదివిన రోజు నుంచీ అక్క మనసులో అది అలాగే ఉండిపోయింది. అందుకే ఇంట్లో ఆవిడ చట్టాలు వేరు. నారింజ ముక్క తియ్యకూడదు. తుపాకీ సంచిలోంచి ఫీల్డులో తప్ప బయటికి రాకూడదు. ఇంటిముందు, పార్కులో, కారు సీట్లో అస్సలు కనపడకూడదు. సంచి డిక్కీలో పెట్టేదీ, తీసేదీ బావగారే. అక్క ఒక్కసారి కూడా ఫీల్డుకి వెళ్లలేదు.

ఆ శనివారం బావగారు, నేను, చిన్నోడు, వాడి స్నేహితులు ఇద్దరు బయల్దేరాం. గంట ప్రయాణం. పాత పొలం, నడుమ ముళ్లచెట్లు, చెక్కలతో కట్టిన ఉత్తుత్తి ఊరు. పద్దెనిమిది నిండనివాళ్లకి అమ్మానాన్నలు సంతకం పెట్టాలి. బావగారు పెట్టారు. తర్వాత తుపాకీల పరీక్ష. గోళీ ఎంత వేగంగా వెళ్తోందో ఒక యంత్రం ముందు కాల్చి చూపించాలి. హద్దు దాటితే ఆ తుపాకీ ఆ రోజుకి మూలకే. కళ్లద్దాలు కూడా చూశారు. ఏఎన్ఎస్ఐ జెడ్87.1 అనే గుర్తు ఉన్నవే పెట్టుకోవాలి. పిల్లలకైతే మొహమంతా కప్పే మాస్కు తప్పనిసరి. ఇన్ని చూశారు గానీ రేడియోల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అదీ అసలు సంగతి.

చిన్నోడూ వాడి జట్టూ పుట్టినరోజు డబ్బులు పోగేసి ఆన్‌లైన్‌లో కొన్న చైనా వాకీటాకీలవి. ఒక్కోటి పాతిక డాలర్లు. ధర చూస్తే బొమ్మ. పని చూస్తే కాదు. చిన్న కీబోర్డు ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీ కావాలంటే ఆ అంకెలు నొక్కుకోవచ్చు. చిన్నోడు తన పుట్టినరోజు కలిసొచ్చేలా ఏవో అంకెలు నొక్కాడట. కాసేపు విన్నారట, ఎవరూ లేరట. ఇంకేముంది, అదే మన చానల్ అనుకున్నారు.

రెండో ఆట మొదలైన పది నిమిషాలకి ఆ చానల్‌లో ఒక మగగొంతు వచ్చింది. ‘ఎవరది? ఇది మా లైసెన్సు ఫ్రీక్వెన్సీ. దయచేసి వదిలిపెట్టండి’ అంది. పిల్లలు అవతలి జట్టు ఎత్తు అనుకున్నారు. నేను షెడ్డు కింద కూర్చుని, చిన్నోడు ఇచ్చిపోయిన సెట్టులో అంతా వింటున్నాను. ‘మంచి ప్రయత్నం! నువ్వే వదిలిపెట్టు’ అన్నాడు మావాడి స్నేహితుడు. వెనకాల కేరింతలు. ఆ గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి కోపం లేదు, అదే భయపెట్టింది. ‘బాబూ, నేను క్రేన్ మీదున్నాను. కింద మనుషులున్నారు. మీరు మాట్లాడుతుంటే వాళ్లు చెప్పేది నాకు వినపడటం లేదు.’

ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. డాలస్‌కి ఉత్తరాన ఎటు చూసినా కట్టడాలే. చెట్ల పైనుంచి చూస్తే దూరంగా సన్నటి పసుపుగీతలా ఆ క్రేన్ కనిపిస్తూనే ఉంది. అప్పటిదాకా దాన్ని నేనూ చూశాను, పిల్లలూ చూశారు. దానికీ మా చేతిలో ఉన్నదానికీ సంబంధం ఉండొచ్చని ఒక్కరికీ తట్టలేదు. చిన్నోడు ఎవరూ కొట్టకుండానే ఎర్రగుడ్డ నెత్తిన వేసుకుని వచ్చేశాడు. మాస్కు తీస్తే మొహం పాలిపోయి ఉంది. ‘పిన్నీ, ఎవరికైనా ఏమైనా అయ్యుంటుందా?’ అన్నాడు. ఏమీ కాలేదు. ఆ క్రేన్ తిరుగుతూనే ఉందని బావగారు వేలితో చూపించారు. కానీ ఆయన వేలు వణుకుతోంది.

తిరుగు ప్రయాణంలో కార్లో పాట కూడా పెట్టలేదు. బావగారి భయం వేరు. గ్రీన్‌కార్డు కోసం పదమూడేళ్లుగా వరసలో ఉన్నారు. అలాంటి ఇళ్లలో ‘చట్టవిరుద్ధం’ అన్న మాటకి అర్థమే వేరుగా ఉంటుంది. కారు వేగం గంటకి రెండు మైళ్లు ఎక్కువైనా అద్దంలో వెనక్కి చూసుకుంటారు. ‘నీకు తెలీదు. ఒక్క ఉత్తరం చాలు. ఎప్పుడో ఏదో ఫారంలో అడుగుతారు, ఎప్పుడైనా నోటీసు వచ్చిందా అని’ అన్నారు నాతో. చిన్నోడు వెనకసీట్లో వింటున్నాడు. ఇల్లు చేరగానే మూడు రేడియోలూ చెత్తబుట్టలో వెయ్యబోయాడు. అక్కే ఆపింది. ‘పారేస్తే తప్పు పోతుందా? అసలు ఏది తప్పో తెలుసుకో ముందు’ అంది. ఆ పిల్లాణ్ని వెంటబెట్టుకుని ఎదురింటికి నడిచింది.

ఎదురింటి పెద్దాయన రిటైరైన ఇంజినీరు, హ్యామ్ రేడియో మనిషి. ఆ కాలనీలో ఇంటిమీద యాంటెన్నాలు కనపడితే సంఘంవాళ్లు ఒప్పుకోరు. అందుకని ఆయన ముందు గడ్డిలో జెండాకర్ర పాతుకున్నాడు. జెండా ఎగురుతుంటుంది, కర్ర యాంటెన్నాగా పనిచేస్తుంటుంది! ‘జెండాని తీసెయ్యమని ఎవడంటాడు?’ అని కన్ను గీటాడు. చిన్నోడు చెప్పిందంతా విన్నాడు. తిట్టలేదు. ఆ సెట్టుని చేతిలో తిప్పి చూసి ఒక మాట అన్నాడు. ‘ఇది ఎక్కడైనా మాట్లాడగలదు. మాట్లాడొచ్చని కాదు.’

ఆ తర్వాత గంటసేపు వంటింటి బల్ల దగ్గర మా అందరికీ పాఠం. నాకు అర్థమైనంత చెబుతాను. గాలిలో దారులన్నీ ఎవరో ఒకరికి రాసిచ్చినవే. పోలీసులకి, అంబులెన్సులకి, విమానాలకి, వ్యాపారాలకి. ముఖ్యంగా 450 నుంచి 470 మెగాహెర్ట్జ్ వరకూ చాలాభాగం ఫ్యాక్టరీలు, కట్టడాలు, బస్సులవాళ్లది. ‘విన్నాం, ఎవరూ లేరు’ అనుకోవడం పెద్ద పొరపాటు. క్రేన్ మీద మనిషి గంటకోసారే మాట్లాడొచ్చు. ఆ ఒక్కసారి మాత్రం తప్పకుండా వినపడాలి. అక్కడ ఈ దారులు చూసుకునే సంస్థ ఎఫ్‌సీసీ. సాధారణంగా ముందు హెచ్చరిక ఉత్తరం పంపుతుంది, వినకపోతే వేల డాలర్ల జరిమానా వేస్తుంది. 2018 సెప్టెంబరులో ఇలా అనుమతిలేని చోట్ల మాట్లాడగలిగే చవక రేడియోల గురించి ప్రత్యేకంగా ప్రకటన కూడా ఇచ్చింది. అలాంటి సెట్టుతో ఊరికే వినడం తప్పుకాదు. బటన్ నొక్కి మాట్లాడటమే తప్పు.

‘మరి పిల్లలు ఏం వాడుకోవాలి?’ అని అక్క అడిగింది. మామూలు జనం కోసమే వదిలిన దారులు ఉన్నాయట. అన్నిటికన్నా తేలిక ఎఫ్ఆర్ఎస్, అంటే ఫ్యామిలీ రేడియో సర్వీస్. 22 చానళ్లు. లైసెన్సు లేదు, ఫీజు లేదు, వయసు పట్టింపు లేదు. పెద్ద దుకాణాల్లో జంటలుగా అట్టపెట్టెల్లో అమ్మేవి ఇవే. శక్తి ఎక్కువలో ఎక్కువ రెండు వాట్లు. 8 నుంచి 14 వరకూ ఉన్న చానళ్లలో అరవాటే. యాంటెన్నా ఊడదీసి పెద్దది పెట్టుకోవడానికి వీల్లేకుండా అతికించి ఉంటుంది. మావాడు కొన్నదానికి యాంటెన్నా తిప్పితే ఊడొచ్చేస్తుంది. అది చూస్తే చాలట, ఆ సెట్టు ఎఫ్ఆర్ఎస్‌ది కాదని చెప్పడానికి. ఎంయూఆర్ఎస్ అని ఇంకోటుంది. ఐదే చానళ్లు, దానికీ లైసెన్సు అక్కర్లేదు. సెట్లు అంతగా దొరకవు.

కాస్త దూరం మాట్లాడాలంటే జీఎంఆర్ఎస్. దీనికి లైసెన్సు కావాలి. పరీక్ష లేదు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లో 35 డాలర్లు కడితే పదేళ్లకి ఇస్తారు. మన డబ్బుల్లో సుమారు మూడు వేలు. 2022కి ముందు ఇది 70 డాలర్లు. పౌరులే అయి ఉండాలని లేదు, విదేశీ ప్రభుత్వాల ప్రతినిధులకి మాత్రం ఇవ్వరు. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇది. ఇంట్లో ఒకరు తీసుకుంటే కుటుంబమంతటికీ చెల్లుతుంది. కుటుంబం అంటే? పెద్దాయన నిబంధన తీసి చదివాడు. భార్యాభర్తలు, పిల్లలు, మనవలు, తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అత్తలు, మావయ్యలు, పిన్నులు, బాబాయిలు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు... చివరికి అత్తింటి తరఫువాళ్లు! అమెరికా అంటే ‘నేను, నా భార్య, నా కుక్క’ అనుకుంటాం కదా. ఈ ఒక్క కాగితంలో మాత్రం తెనాలి పెళ్లిపందిరి మొత్తం పట్టేసింది. బావగారి లైసెన్సు మీద మరదల్ని నేనూ మాట్లాడొచ్చు. తెనాలి నుంచి అమ్మ వచ్చినా మాట్లాడొచ్చు.

‘నా స్నేహితులో?’ అన్నాడు చిన్నోడు. వాళ్లకి చెల్లదు. అయితే ఈ రెండు సర్వీసులూ ఒకే చానళ్లు పంచుకుంటాయి కాబట్టి వాళ్లు ఎఫ్ఆర్ఎస్ సెట్లు కొనుక్కుంటే సరి. అసలు నా లెక్కలో ఎయిర్‌సాఫ్ట్‌కి అంతకుమించి అక్కర్లేదు. ఫీల్డు ఈ చివర నుంచి ఆ చివరకి అరమైలు కూడా ఉండదు. రెండు వాట్లు ధారాళం. ఎక్కువ శక్తి ఉంటే ఏమవుతుందో క్రేన్ మీదాయన చెప్పనే చెప్పాడు.

బావగారు మాత్రం లైసెన్సు తీసుకోవాలనుకున్నారు. అంతలోనే ఆగారు. పేరు, చిరునామా ఎఫ్‌సీసీ జాబితాలో ఎవరైనా చూసుకునేలా ఉంటాయని తెలిసింది కదా. ‘మనంతట మనం వెళ్లి పేరు రాయించుకోవడం ఎందుకు?’ అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. మూడో రోజు రాత్రి అందరూ పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చుని కట్టేశారు. పొద్దున అక్క అడిగితే, ‘దాక్కోవడం కంటే పేరు చెప్పుకోవడమే నయం అనిపించింది’ అన్నారు. రెండ్రోజుల్లో నాలుగు అక్షరాలు, మూడు అంకెలతో కాల్‌సైన్ వచ్చింది. దాన్ని ఫ్రిజ్ మీద తిరుపతి వెంకన్న అయస్కాంతం కింద పెట్టారు. జీఎంఆర్ఎస్‌లో మాట్లాడినప్పుడు ప్రతి పావుగంటకీ, ముగించేటప్పుడూ ఆ కాల్‌సైన్ చెప్పాలి. మాటలు ఏ భాషలోనైనా ఉండొచ్చు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లిషులో!

ఇక కొనడం. మీ పిల్లలు అక్కడుండి ఇలాంటి సరదాల్లో ఉంటే పనికొస్తాయని చెబుతున్నాను. పెట్టె మీద ‘36 మైళ్లు’ అని ఉంటుంది. నమ్మకండి. అది ఒక కొండమీద మీరూ, ఇంకో కొండమీద నేనూ ఉండి, మధ్యలో చెట్టూ చేమా లేనప్పటి మాట. అక్కావాళ్ల కాలనీలో ఇళ్ల మధ్య నడుస్తూ చూశాం. ముప్పావు మైలుకే గరగర. ‘ప్రైవసీ కోడ్’ అని ఇంకోటి రాస్తారు. అదీ పేరుకే. ఆ కోడ్ పెడితే ఇతరుల మాటలు మన స్పీకర్లో రావు. మన మాటలు మాత్రం కోడ్ తీసేసుకున్న ఎవరికైనా శుభ్రంగా వినపడతాయి. తలుపు వెయ్యడం కాదు, మన చెవుల్లో దూది పెట్టుకోవడం!

మాట్లాడితే దానంతటదే ఆన్ అయ్యే వాక్స్ అనే సదుపాయం ఆటలో పెద్ద బెడద. పరిగెత్తుతున్నవాడి ఆయాసం కూడా అందరికీ ప్రసారమైపోతుంది. అందుకని ఛాతీ దగ్గర క్లిప్ చేసుకునే బటన్, పెళ్లిళ్లలో బౌన్సర్లు పెట్టుకునేలాంటి సన్న గొట్టం ఇయర్‌ఫోన్ మేలు. స్పీకర్ మోగితే పొదలో దాక్కున్నవాడి గుట్టు రట్టే. మాట అయ్యాక వచ్చే ‘బీప్’ కూడా ఆపేసుకోవాలి. చిన్నోడి కన్ను మాత్రం సైనికులు హెల్మెట్ కింద పెట్టుకునే హెడ్‌సెట్ మీదుంది. వందకి పైన డాలర్లు. పైగా దాని పిన్ను ఒకటి, ఈ రేడియో కన్నం ఇంకోటి. కలపడానికి మళ్లీ ఒక అడాప్టర్ కొనాలి. ‘ముందు పిన్ను చూడు, తర్వాత పిచ్చి చూడు’ అంది అక్క. చివరికి అట్టపెట్టెలోని జంటసెట్లు రెండు పెట్టెలు, నాలుగు ఇయర్‌ఫోన్లు కొన్నాం. మామూలు పెన్సిల్ బ్యాటరీలు కూడా పట్టేవి చూసి తీసుకున్నాం. మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతే ఫీల్డులో ప్లగ్ ఎక్కడ దొరుకుతుంది?

పాత చైనా సెట్లు ఏమయ్యాయంటారా? చిన్నోడి బల్లమీదే ఉన్నాయి. బటన్ మీద టేపు అతికించాడు. హ్యామ్ పరీక్ష పాసయ్యేదాకా తియ్యడట. 35 ప్రశ్నలు, 26 ఒప్పైతే చాలు. అడిగే నాలుగొందల పైచిలుకు ప్రశ్నల్నీ ముందే బయటపెడతారు. వయసు హద్దు లేదు. రోజూ సాయంత్రం ఎదురింటికి వెళ్లొస్తున్నాడు. వాణ్ని పిలుచుకు రావడానికి వెళ్లినప్పుడే ఆ పెద్దాయన నన్ను మీదే ఊరని అడిగాడు. హైదరాబాద్ అనగానే లేచివెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చాడు. తను ఎప్పుడు ఎవరితో మాట్లాడాడో రాసుకునే దస్త్రం. 2004 డిసెంబరు పేజీలో ఒక వరస చూపించాడు. అండమాన్!

ఆ కథ మనదే. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున ఒక బృందం ఆ నెలలో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లింది. నాయకురాలు భారతీ ప్రసాద్. ఎన్నో ఏళ్లుగా ఆ దీవుల నుంచి హ్యామ్ ప్రసారాలకి అనుమతి లేకపోవడంతో ప్రపంచమంతా ఆ పిలుపు కోసం కాచుకుని ఉంది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఫోన్లు మూగబోయాయి. సరదాకి తీసుకెళ్లిన ఆ సెట్లే దీవులకీ బయటి ప్రపంచానికీ మధ్య మాటలు మోశాయి. అయినవాళ్లు బతికే ఉన్నారన్న కబుర్లు ఇళ్లకి చేరవేశాయి. ‘అందుకే దారి ఖాళీగా ఉంచమనేది’ అన్నాడాయన చిన్నోడి వైపు చూసి. హైదరాబాద్‌లో ఇన్నేళ్లు పత్రికలో పనిచేస్తూ నేను రాయని కథని ఫ్రిస్కోలో ఒకాయన చెబుతుంటే కాస్త సిగ్గేసింది.

నాకూ ఒక ఆశ పుట్టింది. మా పాపకి ఆ జంటసెట్లు ఒక పెట్టె తీసుకెళ్దామని. సూట్‌కేసులో సర్దేశాను కూడా. ఆ రాత్రే ఆఫీసు మిత్రుడొకరు వాట్సప్‌లో ఒక వార్త పంపాడు. సరైన అనుమతుల్లేని వాకీటాకీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారని మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులిచ్చింది. ఆ నెలాఖరుకి మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. మన దేశంలో 2018 అక్టోబరు నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకి లైసెన్సు అక్కర్లేదు. సెట్టుకి ఈటీఏ అనే ఆమోదం ఉండాలి. అమెరికా పెట్టెలో ఉన్నవి 462, 467 మెగాహెర్ట్జ్‌వి. అక్కడ బొమ్మ, ఇక్కడ నేరం. పదిరోజుల ముందైతే ‘ఎవరు చూస్తార్లే’ అనుకునేదాన్ని. ఆ క్రేన్ గొంతు విన్నాక అనుకోలేకపోయాను. సూట్‌కేసు మళ్లీ విప్పాను. మా పాపకి రెండు అగ్గిపెట్టెలు, తొమ్మిది గజాల దారం బాకీ ఉన్నాను.

నేను తిరిగొచ్చే ముందు శనివారం మళ్లీ ఆట. ఈసారి అక్క కూడా వచ్చింది! ఎవరూ రమ్మనలేదు. పులిహోర కలిపి, డబ్బాలు సర్దుకుని, కార్లో ముందుసీట్లో కూర్చుంది. షెడ్డు కింద నీడలో ఆవిడ చేతికి ఒక సెట్టు ఇచ్చాడు చిన్నోడు. ‘అమ్మా, వినాలంటే విను. ఆట మధ్యలో భోంచేశావా అని అడక్కు.’

ఆట మొదలైంది. మా జట్టులో నలుగురూ తెలుగువాళ్లే. రహస్యం కావాలంటే కోడ్‌లెందుకు, తెలుగులో మాట్లాడుకుందాం అనుకున్నారు. ‘ఒరేయ్, ఎడంపక్క నీళ్ల తొట్టి వెనకాల ఇద్దరున్నార్రా’ అన్నాడు మావాడు గుసగుసగా. ఒక్క క్షణం ఆగి ఎవరిదో కొత్త గొంతు. ‘ఇద్దరు కాదురా బాబూ, ముగ్గురం!’ ఫ్రిస్కో చుట్టుపక్కల తెలుగు రహస్యభాష అనుకోవడం కంటే అమాయకత్వం ఇంకోటి లేదు. షెడ్డు కింద బావగారు నవ్వాపుకోలేక పక్కకి వెళ్లిపోయారు. అక్క కూడా నవ్వింది. అంతలో టకటకమని గోళీల చప్పుడు. ఎవరో ‘హిట్’ అని అరిచారు. ఆ తర్వాత చిన్నోడి గొంతు ఆగిపోయింది.

నిమిషం గడిచింది. రెండు. సెట్టులో మిగతా పిల్లల మాటలు వస్తున్నాయి, వాడిది రావడంలేదు. ఔటైనవాడు మాట్లాడకూడదని అక్కకీ తెలుసు. అయినా సెట్టుని చెవికి ఆనించుకుని, దారివైపే చూస్తూ నిలబడింది. బటన్ మీద వేలుంది, నొక్కలేదు. ఐదో నిమిషంలో చెట్ల మధ్య నుంచి ఎర్రగుడ్డ కనిపించింది. నెత్తిన గుడ్డ, చెయ్యి పైకెత్తి, ఒక్కడే తాపీగా నడుచుకుంటూ వస్తున్నాడు. గీత దాటి ఇవతలికొచ్చాక మాస్కు తీసి, చెమట తుడుచుకుని, పది అడుగుల దూరంలో ఉన్న తల్లిని చూస్తూ సెట్టు నోటిదగ్గర పెట్టుకున్నాడు.

‘అమ్మా, పులిహోర ఉందా? ఓవర్.’

అక్క అప్పుడు నొక్కింది బటన్. ‘చేతులు కడుక్కునిరా’ అంది. ఆ తర్వాత, ఎవరూ నేర్పకుండానే, ‘ఓవర్’ అంది.